గుత్తి కొండకు ఒక్కరోజు నడక: ఎప్పుడు వెళ్ళాలి, ఏం మోసుకెళ్ళాలి, ఎప్పుడు దిగాలి

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే రోడ్డులో కర్నూలు దాటి, ఇంకో గంటలో అనంతపురం వస్తుందనగా, ఒక పెద్ద బండకొండ కనిపిస్తుంది. దాని నెత్తిన గోడలు, బురుజులు ఉంటాయి. బస్సులో ఆ సమయానికి మేలుకొని ఉన్నవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి "అదేదో కోట" అనుకుంటారు, అంతలో బస్సు దాటిపోతుంది. అదే గుత్తి. రైల్వే జంక్షన్‌గా ఆ పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ, కొండ ఎక్కినవాళ్ళు ఇంకా తక్కువ. నేను ఇప్పటికి ఆరుసార్లు ఎక్కాను. పండగలు, సెలవులు కాని రోజుల్లో అయితే పైన మేకలు కాసుకునేవాళ్ళు తప్ప మనిషి కనపడని సందర్భాలే ఎక్కువ. నాకు ఆ కొండ అంతగా నచ్చడానికి సగం కారణం అదే. జాగ్రత్తగా ప్లాన్ చేసుకుని వెళ్ళమని మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

అలిపిరి మెట్లదారి గుర్తు చేసుకోండి. 3,550 మెట్లు, దారి పొడవునా పైకప్పు, కొళాయిలు, అంగళ్ళు, సెక్యూరిటీ, ముందూ వెనకా వందల మంది. మీరు ఖాళీ చేతులతో వెళ్ళినా ఎవరో ఒకరు నీళ్ళు ఇస్తారు, కాలు బెణికితే ఎవరో ఒకరు కూర్చోబెడతారు, దారి తప్పే ప్రశ్నే లేదు. గుత్తి కొండ దానితో పోలిస్తే చిన్నది. కింది నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు ఉంటుంది, అంతే. కానీ అక్కడ ఆ జనం లేరు. అలిపిరిలో జనం మీకు తెలియకుండానే చేసిపెట్టే పనులన్నీ ఇక్కడ మీరు ముందురోజే చేసుకోవాలి. రాచకొండ అయినా, గుర్రంకొండ అయినా, కొండవీడు అయినా ఇదే లెక్క. నాకు బాగా తెలిసింది గుత్తి కాబట్టి దాన్ని పట్టుకుని చెబుతాను.

మొదట ఏ రోజు వెళ్ళాలో ఎంచుకోండి

నవంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మంచి సమయం. ఫిబ్రవరి సగం దాటాక పగటి ఎండ బండకెక్కుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఆ కొండ మీద బండంతా కాలిన పెనంలా ఉంటుంది. ఆ నెలల్లో "తెల్లవారుజామునే ఎక్కి దిగేస్తాం" అనేవాళ్ళు ఉన్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మాత్రం నేను వద్దనే చెబుతాను. దిగడం ఒక గంట ఆలస్యమైనా ఎండలో చిక్కుకుంటారు.

సెప్టెంబర్, అక్టోబర్లలో కొండ పచ్చగా ఉంటుంది, తంగేడు పూసి ఉంటుంది, ఫోటోలకు చాలా బాగుంటుంది. కానీ మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన వచ్చే కాలం అది. తడిసిన బండ మీద కాలు ఆగదు. పైగా చుట్టుపక్కల అంతటికీ ఎత్తైన చోటు మీరున్నదే, పిడుగు పడితే అక్కడే పడుతుంది. ఆ నెలల్లో వెళ్ళాలనుకుంటే ముందురోజు రాత్రీ, ఆ రోజు పొద్దునా వాతావరణ సమాచారం చూసుకోండి. ఉరుము దూరంగా వినపడినా సరే, "ఇంకొంచెమే కదా" అనుకోకుండా దిగడం మొదలుపెట్టండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి.

ఎంతమంది వెళ్ళాలి అంటే, ముగ్గురు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఒకరు కిందికి వెళ్ళి మనుషుల్ని పిలుచుకురావాలి. ఇద్దరైతే ఫర్వాలేదు, జాగ్రత్త పెంచుకోవాలి. ఒక్కరే వెళ్ళడం వద్దు, మీరు ఎంత అలవాటున్నవాళ్ళయినా సరే. పదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్తే పూర్తిగా పైదాకా అనుకోకండి, సగం దాకా వెళ్ళి మంచి నీడలో కూర్చుని తిని దిగేలా ప్లాన్ చేసుకోండి, వాళ్ళకు అదే బాగుంటుంది.

టైము లెక్క వేసుకోండి, అదీ వెనక నుంచి

చాలామంది "ఎన్నింటికి బయల్దేరదాం" అని మొదలుపెడతారు. "ఎన్నింటికల్లా కింద ఉండాలి" అని మొదలుపెట్టండి. డిసెంబర్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో, గుంకేది ఆరు కాకముందే. కానీ పొద్దు గుంకే టైము మనకు లెక్కలోకి రాదు, మనం చూసుకోవాల్సింది ఎండ. చలికాలంలో కూడా పదకొండున్నర నుంచి మూడు దాకా ఆ బండ మీద నడక కష్టం. అందుకని పదకొండున్నరకల్లా కింద ఉండాలి అని పెట్టుకోండి.

ఇక నడక ఎంత పడుతుంది? కొండ నడకకు ఒక పాత లెక్క ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పింది. చదునులో ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. మనం మెలికల దారిలో రెండున్నర కిలోమీటర్లు నడుస్తాం అనుకుందాం, దానికి అరగంట. 300 మీటర్ల ఎత్తుకు ఇంకో అరగంట. మొత్తం గంట. అయితే ఆ లెక్క చలిదేశంలో, రోజూ కొండలెక్కే మనిషికి. ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్ళు, మధ్యలో ఆగి చూసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అంటే ఎక్కడానికి రెండు గంటలు, పైన తిరగడానికి గంటన్నర, దిగడానికి గంటంబావు. కలిపితే ఐదు గంటలకు కొంచెం తక్కువ. పదకొండున్నర నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఆరుముప్పావుకల్లా మొదటి ద్వారం దగ్గర ఉండాలి.

ఇంకో టైము కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి, వెనుదిరిగే టైము. పదింబావు అనుకోండి. ఎక్కడున్నా సరే, పైదాకా చేరినా చేరకపోయినా, ఆ టైముకు ముఖం కిందికి తిప్పాలి. దీన్ని కింద ఉన్నప్పుడే అందరూ ఒప్పుకోవాలి. పైకి వెళ్ళాక, శిఖరం కంటి ముందు కనపడుతుంటే, ఎవరూ ఒప్పుకోరు.

వెళ్ళడం ఎలా

హైదరాబాద్ నుంచి సుమారు 310 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 265, అనంతపురం నుంచి యాభై పైచిలుకు, గుంతకల్లు నుంచి ముప్పై. అనంతపురం, కర్నూలు, తాడిపత్రి, గుంతకల్లు వాళ్ళు తెల్లవారుజామున బయల్దేరితే చాలు. దూరం వాళ్ళు ముందు రాత్రికే వచ్చి గుత్తిలోనో గుంతకల్లులోనో పడుకోండి. రాత్రంతా బస్సులో కూర్చుని నిద్ర లేకుండా పొద్దున్నే ఎక్కడం నేను ఒకసారి చేశాను, దిగేటప్పుడు కాళ్ళు నా మాట వినలేదు.

బస్సులో వస్తుంటే ఊళ్ళోకి వెళ్తుందా, బైపాస్‌లో దింపుతుందా అని టికెట్ కొనేటప్పుడే అడగండి. రైల్లో వస్తే స్టేషన్ ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది, దాన్ని గుత్తి ఆర్‌ఎస్ అంటారు, అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. ఊళ్ళో "కోటకు దారెటు" అంటే ఎవరైనా చూపిస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఈ మధ్య వాన పడిందా, పైన తేనెపట్టులు ఎక్కడున్నాయి, కంప ఎక్కడ బాగా పెరిగింది, ఇవన్నీ ఫోన్‌లో మ్యాప్ చెప్పదు, కొండ కింద ఇళ్ళవాళ్ళు చెబుతారు.

నీళ్ళు

ఈ ఒక్క విషయం కొంచెం ఎక్కువ రాస్తాను.

గుత్తి కోట మీద బావులకు, కోనేళ్ళకు లెక్కలేదు, వందకు పైనే తవ్వించారని చెబుతారు. బండ సందుల్లో వాన నీళ్ళు పట్టి నిలవచేసుకునే ఏర్పాటు అది. అలాంటి కోట 1776లో హైదర్ అలీకి లొంగింది. ఫిరంగులకు కాదు, నీళ్ళు అయిపోయి. మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే పైన ఉన్నాడు, హైదర్ సైన్యం కింద చుట్టుముట్టింది, నెలల తరబడి ముట్టడి సాగింది, పైన నీళ్ళు అడుగంటాయి. మురారి రావును పట్టుకుని శ్రీరంగపట్నానికి, అక్కడి నుంచి కబ్బాళదుర్గానికి పంపారు, అక్కడే చనిపోయాడు. ఆ కొండ ఎక్కేటప్పుడు సగం ఖాళీ అయిన సీసా చేతిలో పట్టుకుంటే నాకు ప్రతిసారీ ఈ విషయం గుర్తొస్తుంది.

నా మొదటిసారి అనుభవం చెప్పాలి. ఫిబ్రవరి చివర, నేను, మా చిన్నాన్న కొడుకు, ఇద్దరం. పది గంటలకు ఎక్కడం మొదలుపెట్టాం, తలా ఒక లీటరు సీసా. చిన్న కొండే కదా అనుకున్నాం. పన్నెండుకల్లా రెండు సీసాలూ అయిపోయాయి. పైన ఒక కోనేట్లో నీళ్ళున్నాయి, ముదురాకుపచ్చగా, మీద పాచి తెట్టె కట్టి, రాయి వేస్తే కప్పలు దూకాయి. అవి తాగలేం. దిగేటప్పుడు మావాడు ఒక్కసారిగా మాట్లాడటం మానేశాడు. ముఖం చూస్తే చెమట లేదు, ఎర్రగా ఉంది, ఏం అడిగినా ఒకే జవాబు. ఒక ద్వారం లోపల నీడలో పడుకోబెట్టి చొక్కా విప్పి తుండుగుడ్డతో విసురుతూ కూర్చున్నాను. మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "నీళ్ళు లేకుండా కొండెక్కినారా నాయనా" అని, భుజానికున్న సంచిలోంచి తన సీసా తీసి ఇచ్చాడు. పాత కూల్‌డ్రింక్ సీసాకు తడి గోనెపట్టా చుట్టి కుట్టి ఉంది, లోపల నీళ్ళు చల్లగా ఉన్నాయి. సగం మావాడి తల మీద, ఛాతీ మీద చల్లమన్నాడు, మిగతాది గుక్క గుక్కగా తాగించమన్నాడు. రెండు గంటలు పట్టింది వాడు లేచి నడవడానికి. ఆ రోజు ఆయన అటు రాకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

కాబట్టి మనిషికి మూడు లీటర్లు. చలికాలంలో కూడా. మూడు కిలోల బరువు అవుతుంది, అయినా మోయాలి. ఒకటే పెద్ద డబ్బా కాకుండా మూడు సీసాలుగా తీసుకెళ్ళండి. ఒకటి ఎక్కేటప్పటికి, ఒకటి పైన, ఒకటి దిగడానికి. మూడోదాన్ని పైన తెరవకూడదు, అది నియమం. ఎవరి నీళ్ళు వాళ్ళే మోయాలి. ఒకరి బ్యాగులో అందరివీ పెట్టి, ఆ మనిషి ముందుకెళ్ళిపోతే మిగతావాళ్ళకు ఉండవు. ఆ పెద్దాయనలాగే సీసాకు తడి గుడ్డ చుట్టండి, నిజంగా పనిచేస్తుంది.

ఒట్టి నీళ్ళు మాత్రమే చాలవు, చెమటతో ఉప్పు పోతుంది. మందుల షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దొరుకుతాయి. దొరకకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, నెత్తి కట్టకుండా సమంగా. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఇంకా మంచిది, పొద్దున తొమ్మిది లోపు తాగేసేయాలి.

చెమట ఆగిపోవడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మాట తడబడటం, ఇవి కనపడితే పైకి ఒక్క అడుగు కూడా వేయకండి. నీడ, తడి గుడ్డ, గాలి, తర్వాత 108కి ఫోన్.

తిండి

పొద్దున్నే గుత్తిలో ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ దొరికితే తినండి, కడుపు నిండా కాదు, సగానికి. బొరుగులు తేలిగ్గా అరుగుతాయి, మిరపకాయ బజ్జీ మాత్రం ఒకటితో ఆపేయండి, పైన దాహం వేస్తుంది. పైకి చిత్రాన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్ళండి, నిమ్మకాయ పిండింది కాబట్టి మధ్యాహ్నం దాకా చెడిపోదు. జేబులో పల్లీ ఉండలు లేదా చిక్కీ. అరగంటకొకటి కొరుకుతూ నడిస్తే నీరసం రాదు. కోతులుంటాయి కాబట్టి చేతిలో ప్లాస్టిక్ కవర్ పట్టుకుని నడవకండి, తినేవన్నీ బ్యాగు లోపల ఉండాలి.

ఒంటి మీద, బ్యాగులో

పట్టు ఉన్న కాన్వాస్ బూట్లు. వందల ఏళ్ళు మనుషులు, గుర్రాలు నడిచి నడిచి కొన్నిచోట్ల మెట్ల రాళ్ళు చెయ్యి పెడితే జారేంత నున్నగా అయ్యాయి, చెప్పులతో దిగడం ప్రమాదం. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. పూర్తి పొడవు ప్యాంటు, పూర్తి చేతుల నూలు చొక్కా, టోపీ లేదా తలకు తువ్వాలు. కంప గీసుకుంటుంది, పల్లేరుకాయలు సాక్సులకు పట్టుకుంటాయి. ఒకసారి సాక్సులో దూరిన పల్లేరును పట్టించుకోకుండా ఒక గంట నడిచాను. విప్పి చూస్తే మడమ పక్కన సన్నగా రక్తం, ముల్లు మూడు కొమ్ముల్లో ఒకటి విరిగి చర్మంలో ఉంది. అప్పటినుంచి ముల్లు తీసే చిన్న పట్టకారు నా సంచిలో ఉంటుంది.

అది కాక ఒక సాగే బ్యాండేజీ, నాలుగు బ్యాండ్‌ఎయిడ్లు, చిన్న టార్చి, విజిల్, పవర్ బ్యాంక్, చెత్త వేసుకోవడానికి ఒక సంచి. పొడవాటి వెదురు కర్ర ఒకటి దొరికితే అన్నిటికన్నా మంచిది. దిగేటప్పుడు మోకాళ్ళకు, కంపలో ముందు తట్టి చూసుకోవడానికి, కోతులకు చూపించడానికి, అన్నిటికీ పనికొస్తుంది. సెంటు మాత్రం కొట్టుకోకండి, ఎందుకో కింద చెబుతాను.

ఇంట్లో చెప్పి వెళ్ళండి

"గుత్తి వెళ్తున్నాం" అని చెప్పడం కాదు. ఒక మెసేజ్ పెట్టండి. ఎవరెవరు, ఎన్నింటికి ఎక్కుతున్నారు, ఎన్నింటికల్లా దిగుతారు, "ఒంటిగంట దాకా ఫోన్ రాకపోతే ఈ నంబరుకు చేయండి, అదీ తగలకపోతే 112కి చేయండి" అని. అమ్మకు టెన్షన్ అవుతుందని చెప్పకుండా వెళ్ళేవాళ్ళు ఉంటారు. అప్పుడు అన్నకో, స్నేహితుడికో అయినా పెట్టి తీరాలి. దిగిన వెంటనే ఫోన్ చేయడం మీ బాధ్యత.

ఎక్కడం

మొదటి ద్వారం దాటేటప్పుడు టైము చూసుకోండి. ఈ కోటకు పదిహేను ద్వారాలు ఉన్నాయని లెక్క. మీ దారిలో వచ్చే ప్రతిదాని దగ్గరా ఒక్క నిమిషం ఆగి టైము, మిగిలిన నీళ్ళు చూసుకోవడం అలవాటు చేసుకుంటే విడిగా ఏమీ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ద్వారం దాటగానే దారి నేరుగా వెళ్ళకుండా పక్కకు తిరగడం గమనించండి. శత్రువులు ఏనుగులతో పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా పాత కోటలవాళ్ళు చేసిన ఏర్పాటది. మనకు అదే చిక్కు. ఎక్కేటప్పుడు సులభంగా తెలిసిన మలుపు దిగేటప్పుడు వేరేగా కనపడుతుంది. దీనికి ఒక సులువు ఉంది. దారి చీలిన ప్రతిచోటా పది అడుగులు ముందుకు వెళ్ళి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీయండి. దిగేటప్పుడు మీకు కనపడేది ఆ ఫోటోలో ఉన్నట్టే ఉంటుంది. సిగ్నల్ అక్కర్లేదు, మ్యాప్ అక్కర్లేదు.

మొదటి అరగంట కావాలని నెమ్మదిగా నడవండి. పక్కవాడితో ఆగకుండా మాట్లాడగలిగేంత వేగం చాలు. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, వెనక వదిలేయకండి.

దారి వదిలి కంపలోకి దిగకండి, ఇది చాలా ముఖ్యం. ఇందాక చెప్పిన బావులు, గుంటలు కొన్నిటికి గట్టు లేదు. ఒకసారి మోకాలెత్తు గడ్డిలో నేను కర్రతో తట్టుకుంటూ వెళ్తుంటే కర్ర కొస దేనికీ తగలలేదు. గడ్డి పక్కకు తోసి చూస్తే రాతిలో తొలిచిన నలుచదరపు నోరు, లోపల చీకటి, ఒక చిన్న రాయి వదిలితే చప్పుడు వినపడటానికి టైము పట్టింది. అక్కడ గడ్డి మిగతా చోట్ల లాగే ఉంది, తేడా ఏమీ లేదు.

తేనెటీగల గురించి. నిలువు బండలకు, పెద్ద ద్వారాల పైకప్పులకు కొండ తేనెటీగలు పట్టులు పెడతాయి. కింది నుంచి నల్లటి బానలాగా వేలాడుతూ కనపడతాయి. అవి ఉన్నచోట అరవద్దు, రాళ్ళు వేయొద్దు, బీడీ సిగరెట్ వెలిగించొద్దు. సెంటు వద్దన్నది కూడా అందుకే, ఘాటు వాసనలు వాటిని రేపుతాయి. ఒకవేళ లేస్తే చేతులు విసరకుండా తల, ముఖం కప్పుకుని వీలైనంత దూరం వెళ్ళిపోవాలి. వేడెక్కిన రాళ్ళ సందుల్లో రక్తపింజర లాంటి పాములు ఉండొచ్చు, చూడకుండా చెయ్యి పెట్టి పట్టుకోకండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయొద్దు. కాలు కదలకుండా ఉంచి, మోసుకునైనా ఆసుపత్రికి చేర్చాలి.

పైన

పైకి చేరాక నేరుగా అంచుకు పరుగెత్తకండి. ముందు నీడలో పది నిమిషాలు కూర్చోండి, నీళ్ళు తాగండి. తర్వాత తిరగండి. కూలిన ధాన్యపు కొట్లు, మందుగుండు నిలవచేసిన గదులు, శాసనాలు ఉన్నాయి. నరసింహస్వామి గుడి దగ్గర విజయనగరం బుక్కరాయల కాలపు శ్లోకం ఒకటి బండకు చెక్కి ఉంది. గుత్తిని దుర్గాలలో రాజు అని, బుక్కరాజు భూమండల రాజ్యమనే చక్రానికి ఇరుసు ఉండే నడిబొడ్డు అని పొగిడారు అందులో. పై నుంచి నాలుగు దిక్కులా పోయే రోడ్లు, రైలు పట్టాలు చూస్తే ఆ మాట ఎందుకన్నారో తెలుస్తుంది. హైదరాబాద్–బెంగళూరు దారి, బళ్ళారి నుంచి తాడిపత్రి వైపు పోయే దారి ఇప్పటికీ ఇక్కడే కలుస్తాయి.

మురారి రావు గద్దె చూడకుండా దిగకండి. ఒక బురుజు మీద, లోయ అంచున, నున్నగా రుద్దిన రాతితో కట్టిన చిన్న మంటపం. ఆయన అక్కడ చదరంగం ఆడుతూ, ఉయ్యాల ఊగుతూ కూర్చునేవాడని, ఎదురు కొండ చరియ నుంచి ఖైదీలను తోయించేవాడని చెప్పుకుంటారు. ఆ రాతి మీద అరచెయ్యి పెడితే పొద్దున ఎనిమిదింటికి కూడా చల్లగా తగులుతుంది. కింద ఊరు మొత్తం అరచేతిలో ఉన్నట్టు ఉంటుంది, స్కూలు గంట కూడా వినపడుతుంది. అక్కడ అంచుకు కంచె లేదు. సెల్ఫీ తీసుకునేవాళ్ళు వెనక్కి అడుగు వేయకూడదు, ఫోటో తీసే మనిషి, తీయించుకునే మనిషి ఇద్దరూ కూర్చుని తీసుకోండి.

ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. గోడల మీద పేర్లు గీకితే చట్టప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఇప్పటికే గీసినవి చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. మంట పెట్టి వంట చేసుకోవడం వద్దు, ఎండిన గడ్డి అంటుకుంటే ఆపడానికి పైన నీళ్ళు లేవు. తిన్న కవర్లు, సీసాలు మీ సంచిలోనే కిందికి రావాలి. మేకలు ప్లాస్టిక్ తింటాయి. మాకు నీళ్ళిచ్చిన పెద్దాయన ఆ రోజు చెప్పింది ఇదొక్కటే, "కవర్లు మాత్రం పడేయొద్దండి, జీవాలు సస్తాయి."

దిగడం

కాళ్ళు విరిగేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. పని అయిపోయిందన్న భావన ఉంటుంది, తొడలు వణుకుతుంటాయి, ఫోన్ చేతిలో ఉంటుంది. ఫోన్ లోపల పెట్టేయండి. అడుగులు చిన్నగా, మోకాలు కొంచెం వంచి, ఏటవాలు బండ మీద అడ్డంగా పాదం మొత్తం ఆనించి దిగండి. మడమ మీద బరువు వేసి దిగితే జారుతుంది. రాళ్ళ మీద గుండ్రటి సన్న గులకలు ఉన్నచోట ఇంకా జాగ్రత్త. మూడో సీసా ఇప్పుడు తెరవండి. ద్వారాల దగ్గర ఎక్కేటప్పుడు ఆగినట్టే ఆగండి, ఫోటోలు చూసుకోండి, అందరూ ఉన్నారా లెక్కపెట్టండి.

కింద టైము ఉంటే ఇంగ్లీషువాళ్ళ పాత శ్మశానం చూడండి. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, అంతకుముందు దత్తమండలాల (ఇప్పటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతం) కలెక్టరుగా ఈ ప్రాంతమంతా తిరిగినవాడు, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే తెచ్చి మొదట గుత్తిలోనే పూడ్చారు. తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్ళారు.

తర్వాత ఊళ్ళోకి వచ్చి ముందు ఇంటికి ఫోన్ చేయండి, టీ ఆ తర్వాత. బూట్లు విప్పి దులిపి, సాక్సులు తిరగేసి పల్లేరులు ఏరేయండి. బస్సెక్కే ముందే ఆ పని అయిపోవాలి, లేకపోతే పక్క సీటువాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి.